బొమ్మకొచ్చిన జ్వరం

ఆ పట్నంలోని పిల్లల ఆసుపత్రిలో జ్వరం పిల్లలకు రావడం మానేసి బొమ్మలకు రావడం మొదలుపెట్టిందన్న సంగతి నూకరత్నానికి తెలీదు. తెలిసుంటే ఆ గేటు లోపల కాలు పెట్టేదే కాదు.

అసలే ఆవిడ చెడు జరగకముందే దానికి ఎదురువెళ్ళి కూర్చునే మనిషి. ఏడో తరగతితో బడి మానేసి, ఊళ్ళో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టిపెడుతూ, ఉన్న ఒక్క కూతుర్ని కళ్ళలో పెట్టుకుని పెంచుతోంది. కుందన తుమ్మితే న్యుమోనియా అనుకుంటుంది. బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చెప్పులైనా వేసుకోకుండా కాలవగట్టు వెంట వెతుక్కుంటూ పోతుంది. ఇన్నేళ్ళూ ఇలా లేనిపోని భయాలతో గడిపిన మనిషికి నిజం జ్వరం వచ్చి పడింది. పిల్ల మెడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది. మంచినీళ్ళు పోస్తే కక్కేస్తోంది. మిల్లుకెళ్ళిన మొగుడు వచ్చేదాకా కూడా ఆగకుండా పిల్లని భుజాన వేసుకుని బస్సెక్కేసింది.

ఆసుపత్రి గుమ్మంలో డాక్టరు లేడు, నర్సు లేదు. ఒక అద్దాల గది ఉంది. దాని మీద 'చిత్ర సృజన విభాగం' అని బోర్డు. లోపల కంప్యూటరు ముందు మెడకి టై కట్టుకుని కృపానిధి అనే అధికారి కూర్చుని ఉన్నాడు.

"బాబుగారండి, పిల్లకి జ్వరమండి. ఒళ్ళు కాలిపోతందండి," అంది నూకరత్నం.

"జ్వరం సంగతి తరవాతమ్మా. ముందు చిత్రం పుట్టాలి. చిత్రం లేకుండా మంచం ఇవ్వం."

ఈ నియమం పుట్టడానికి కారణం ఒకే ఒక్క మాట. ఆమధ్య రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చి, వార్డు చూసి మొహం చిట్లించి, వంటగది చూసి ముక్కు మూసుకుని, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ గోడమీద రంగురంగుల గ్రాఫు ఒకటి చూసి "బాగుందే!" అన్నాడు. సూపరింటెండెంటు డాక్టర్ సదానందమూర్తి తన ఉద్యోగంలో ఏనాడూ ఆ మాట వినలేదు. ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. మర్నాటికల్లా గ్రాఫులు గీసే లైబ్రరీ ఒకటి తెప్పించాడు. లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు, అంకెలిస్తే గీతలు గీసిపెట్టే కంప్యూటరు సరంజామా. దాన్ని చూసుకోవడానికి కృపానిధిని వేశాడు. ఆ వెనకే ఉత్తర్వు:

'శిశువును నేరుగా చూచుట వలన వైద్యునిలో జాలి జనించును. జాలి వలన నిష్పాక్షికత భంగపడును. కావున ఇకపై వైద్యులు శిశువు యొక్క చిత్రమును మాత్రమే పరీక్షించవలెను. చిత్రము లేనిచో రోగి లేనట్లే భావించవలెను.'

కృపానిధి ఒక మీట నొక్కాడు. తెర మీద తెల్లటి పెట్టె ఒకటి వచ్చింది. ఎడమపక్క ఒక కొలబద్ద, కింద ఒక కొలబద్ద, రెండూ సున్నా నుంచి ఒకటి దాకా ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

టీవీ సీరియళ్ళలో మంచం పక్కనుండే పెట్టెలో గీత పోగానే ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకోవడం నూకరత్నం చాలాసార్లు చూసింది.

"గీత లేదేంటండీ? అయిపోయిందా అండీ?"

"ఏమీ అయిపోలేదు. ఇది ఖాళీ చిత్రం. మీ అమ్మాయి పేరున సృష్టించబడింది. ప్రస్తుతానికి ఆమె ఉష్ణోగ్రత సున్నాకీ ఒకటికీ నడుమ ఉన్నట్టు పరిగణించబడుతుంది."

"సున్నాయా! చల్లబడిపోయిందా నాయనా!"

గభాల్న పిల్ల మెడ పట్టుకు చూసింది. చుర్రుమంది. కూతురికి జ్వరం ఉన్నందుకు ఒక తల్లి సంతోషించడం ఆ ఆసుపత్రిలోనే జరిగింది.

పదకొండో మంచం ఇచ్చారు. వార్డులో రెండు వరసలు, వరసకి పది మంచాలు. పదకొండోదానికి సరిగ్గా ఎదురుగా ఒకటో మంచం. దాని మీద తేజ అనే పిల్లాడు పరుపు స్ప్రింగులు ఊడిపోయేలా ఎగురుతున్నాడు. కింద వాళ్ళమ్మ పుణ్యవతి చాప పరుచుకుని కూర్చుని ఉంది.

"మీవోడికేంటి అక్కా?" అని అడిగింది నూకరత్నం.

"ఏటీ లేదు, అదే జబ్బు! జరం ఎప్పుడో తగ్గిపోయిందే తల్లీ. ఆడి బొమ్మకి తగ్గలేదంట. అదేదో బొమ్మకి తగ్గితేగానీ పంపరంట. అవతల నాట్లు పడుతున్నాయి, నా మనిషి ఒక్కడూ బురదలో ఉన్నాడు. నేనిక్కడ ఈడి గెంతులు లెక్కెట్టుకుంటన్నాను."

నర్సు ఎస్తేరు వచ్చి కుందన చంకలో థర్మామీటరు పెట్టి తీసింది. మొహం మార్చుకుంది.

"ఎంతుందమ్మా?"

"చాలా ఉంది. సిరప్పు పోస్తాను. సెలైను పెట్టాలంటే డాక్టరుగారు రాయాలి. అంకె పంపిస్తాను, బొమ్మలో గీస్తారు, రౌండ్సులో చూస్తారు."

"పిల్లని చూడరా?"

"పిల్లని చూస్తే జాలేస్తుందంట."

మర్నాడు రౌండ్సు. రౌండ్సంటే ఒకప్పుడు మంచం మంచానికీ తిరగడం. ఇప్పుడు వరండాలో చక్రాల బల్ల మీద పెద్ద టీవీ ఒకటి పెట్టి, దాని ముందు నిలబడడం. సదానందమూర్తి మెళ్ళో స్టెతస్కోపు వేలాడుతోంది. ఆయన వెనక డ్యూటీ డాక్టరు. అందరికన్నా వెనక, గోడకి అతుక్కుని, తల్లులు.

కృపానిధి నొక్కాడు. తెర మీద కిటికీలాంటిది తెరుచుకుని అందులో ఒకటో మంచం బొమ్మ కనిపించింది. నీలిరంగు గీత పైనుంచి కిందికి మెట్లు దిగినట్టు దిగింది.

"అద్భుతం! ఆ వంపు చూశారా? ఎక్కడా గరుకు లేదు," అన్నాడు సదానందమూర్తి.

తేజ ఆ వంపు పక్కనే నిలబడి ముక్కులో వేలు పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదు.

అప్పుడే ఫోను మోగింది. చిత్ర వైద్య విధానానికిగాను రాజధానిలో సన్మానమట, వెంటనే బయల్దేరి రమ్మని. సదానందమూర్తి ఉన్నపళంగా కారెక్కేశాడు. కిటికీ అలాగే తెరిచి ఉండిపోయింది.

"తరవాతి బొమ్మ చూపించండి," అన్నాడు డ్యూటీ డాక్టరు.

"రాదు సార్," అన్నాడు కృపానిధి. "గీత గీసేది ఒకటి. దాన్ని తెర మీదికో ఫైల్లోకో చేర్చేది వెనకుండే మరొకటి. దాన్ని బ్యాక్‌ఎండ్ అంటాం. మనం ఎంచుకున్నది కిటికీ బ్యాక్‌ఎండ్. ఒక కిటికీ మూసేదాకా రెండోది తెరవదు. అదీ దాని సంస్కారం."

"అయితే ముయ్యండి."

"మూసే అధికారం సూపరింటెండెంటు గారిది. రోగి కిటికీ మూయుట రోగిని ముగించుటతో సమానమని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది."

డ్యూటీ డాక్టరు కాసేపు ఆలోచించాడు. రౌండ్సు ఆపడానికి వీల్లేదు. అందుకని ఒకటో మంచం బొమ్మనే రెండో మంచం వంతుకీ చూశాడు, మూడో మంచం వంతుకీ చూశాడు. పదకొండో మంచం వంతు వచ్చేసరికి ఆయనకి ఆ బొమ్మ కంఠతా వచ్చేసింది.

"తగ్గుతోందమ్మా. బలానికి టానిక్ ఇస్తే చాలు," అన్నాడు నూకరత్నం వైపు తిరక్కుండానే.

"మా పిల్లది కాదండి అది! ఆ ఎగురుతున్న బుడ్డోడిదండి!"

"తెరమీద ఎవరిదుంటే వాళ్ళదే వైద్యం. ఓపిక పట్టాలి."

సదానందమూర్తి శాలువా కప్పించుకుని తిరిగొచ్చేదాకా వార్డులో పిల్లలందరూ తేజకి తగ్గినందుకు తేజ టానిక్కే తాగారు. తేజ కూడా తాగాడు. వాడి గెంతులు మరీ పెరిగాయి. కుందన మాత్రం ఆ ఎర్రటి మందుని మింగినట్టే మింగి తల్లి కొంగు మీద కక్కింది. నూకరత్నం ఆ మరకని చూసి రక్తం అనుకుని కెవ్వున అరిచింది. ఎస్తేరు వచ్చి వాసన చూసి, "స్ట్రాబెర్రీ అమ్మా," అని చెప్పాల్సి వచ్చింది.

వచ్చీ రాగానే సూపరింటెండెంటు అత్యవసరంగా 'బ్యాక్‌ఎండ్ ఎంపిక సంఘాన్ని' సమావేశపరిచాడు. గదిలో జాగా లేక ఆ సమావేశాన్ని వార్డు మధ్యలోనే కుర్చీలు వేసుకుని పెట్టారు. ఏడుపులు వినపడకుండా కృపానిధి మైకు పట్టుకున్నాడు.

"గౌరవ సభ్యులారా! మన ముందున్న మార్గాలు రెండు. ఒకటి కిటికీ బ్యాక్‌ఎండ్. చూపిస్తుంది, కానీ మొండికేస్తుంది. రెండోది మౌన బ్యాక్‌ఎండ్. దీనికి తెరతో పని లేదు. చప్పుడు చేయదు. కిటికీ తెరవదు. ఎంత గీయమంటే అంత గీసుకుని, ఫైల్లో దాచుకుని ఊరుకుంటుంది."

"గొడవ చెయ్యదా?" అన్నాడు సదానందమూర్తి.

"చెయ్యదు సార్."

"సంతకం కోసం ఎదురు చూడదా?"

"చూడదు సార్."

"ఆసుపత్రికి కావలసింది అలాంటి ఉద్యోగే," అన్నాడు ఆయన. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడికి నిద్రపోతున్న నలుగురు పిల్లలు లేచి ఏడుపందుకున్నారు.

అయితే ఒక చిక్కు. బ్యాక్‌ఎండ్ ఏదో బొమ్మలు తెరవకముందే తేల్చుకోవాలని నియమం. కాబట్టి ఉన్న బొమ్మలన్నీ మూసెయ్యాలి. బొమ్మ మూస్తే రోగి లేనట్టే. కాబట్టి రోగులందర్నీ వార్డులోంచి బయటికి పంపి, మళ్ళీ మొదట్నుంచి చేర్చుకోవాలి. అందరూ పిల్లల్ని ఎత్తుకుని వరండాలోకి నడిచారు. సన్నగా జల్లు పడుతోంది. నూకరత్నం చీర చెంగు పిల్ల నెత్తిన కప్పి, తన వీపు వానకి అడ్డం పెట్టి నిలబడింది. జల్లుకి జలుబు, జలుబుకి దగ్గు, దగ్గుకి ఇంకేదో అని ఆవిడ మనసు ఎప్పటిలాగే పరిగెత్తబోయింది. కానీ పిల్ల పెదాలు ఎండి పగిలి ఉండడం చూశాక ఆ పరుగు ఆగిపోయింది. ముందు ముందు వచ్చేవాటి గురించి భయపడే తీరిక లేకపోయింది.

తిరిగి చేర్చుకున్నాక రౌండ్సు. అందరూ టీవీ ముందు సర్దుకున్నారు.

"చూపించండి," అన్నాడు సదానందమూర్తి.

కృపానిధి నొక్కాడు. తెర నల్లగా ఉంది. ఇంకోసారి నొక్కాడు. నల్లగానే ఉంది.

"చూపించబడినది," అని ప్రకటించాడు.

"ఏదీ?" అన్నాడు డ్యూటీ డాక్టరు.

"మౌన బ్యాక్‌ఎండ్‌కి చూపించమని ఆజ్ఞ ఇచ్చాం. అది శిరసావహించింది. తప్పు జరిగినట్టు చెప్పలేదు. చెప్పలేదంటే సక్రమంగా జరిగినట్టే."

"మాకేం కనపళ్ళేదండి బాబూ!" అని వెనకనుంచి అరిచింది పుణ్యవతి.

కృపానిధి చాలా ఓర్పుగా ఆమె వైపు తిరిగాడు. "చూపించడం వరకే మా విభాగం బాధ్యతమ్మా. కనపడడం మా పరిధిలోకి రాదు."

సదానందమూర్తి ఆ నల్లటి తెర వంక చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. ఏదో ఒకటి అనాలి గనక, "నిలకడగా ఉంది," అన్నాడు.

ఆ రోజు వార్డంతా నిలకడగా ఉన్నట్టు నమోదైంది. కుందన కళ్ళు లోపలికి పోయాయి.

ఎస్తేరు చెయ్యి పట్టుకుంది నూకరత్నం. "నువ్వైనా నోటితో చెప్పమ్మా డాక్టరుగారికి. నీకు తెలుసు కదా ఎంతుందో."

"చెప్పానమ్మా. నోటితో చెప్తే అది సమాచారం కాదంట, పుకారంట. మళ్ళీ చెప్తే మెమో ఇస్తానన్నారు."

చివరికి సూపరింటెండెంటు బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. ఆ మౌన బ్యాక్‌ఎండ్ గీసిందంతా ఎక్కడో ఫైల్లో దాచుకుంటోంది కదా, ఆ దాచిన బొమ్మని తెచ్చి టీవీలో పెడితే? ఈ సంగతి అందరికీ మొదట్నుంచీ తోచేదే, అయినా దాన్ని కనిపెట్టినందుకు ఆయన్ని సంఘం అభినందించి కొబ్బరినీళ్ళు తాగించింది.

దాచిన బొమ్మ వచ్చింది. ఒకటే వచ్చింది. అందులో వార్డులోని పిల్లలందరి గీతలూ ఉన్నాయి.

జరిగింది ఏమిటంటే, వానలో హడావిడిగా చేర్చుకునేటప్పుడు కృపానిధి 'బొమ్మ పుట్టించు' అని ఒక్కసారే చెప్పాడు. ఆపైన అంకెలు వరసగా ఇచ్చుకుంటూ పోయాడు. కొత్త బొమ్మ కావాలని అడక్కపోతే ఆ సరంజామా తెరిచున్న బొమ్మ మీదే గీసుకుంటూ పోతుంది. ఇరవైమంది జ్వరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పిల్లి ఆడుకున్న నూలుండలా తయారైంది.

కృపానిధికి చెమటలు పట్టాయి. సదానందమూర్తి మాత్రం పొంగిపోయాడు.

"వార్డు మొత్తం ఒకే చిత్రంలో! ఇంత పొదుపు ఏ ఆసుపత్రిలోనైనా ఉందా? పైకి పంపండి!"

"ఎవరి గీత ఏదో ఎలా తెలుస్తుంది సార్?" అన్నాడు డ్యూటీ డాక్టరు.

"రంగుల్ని బట్టి సార్," అన్నాడు కృపానిధి, ఊపిరి తిరిగొచ్చి. "ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దానంతటదే వేస్తుంది."

వేస్తుంది. కాకపోతే దాని దగ్గరున్న రంగులు పది. పదిమంది అయిపోగానే మళ్ళీ మొదటి రంగుకే వస్తుంది. అంచేత ఒకటో మంచం తేజది నీలం. పదకొండో మంచం కుందనదీ నీలమే. ఒక నీలం కిందికి దిగి హాయిగా నేలబారుగా పోతోంది. ఇంకో నీలం కొండెక్కుతోంది.

"ఈ నీలాన్ని చూడండి, ఎంత బుద్ధిగా దిగిందో," అన్నాడు సదానందమూర్తి.

"ఇంకో నీలం ఎక్కుతోందండి! అది మాదండి!" అంది నూకరత్నం.

"ఒక రంగు ఒక రోగిదమ్మా. ఒకే రోగి ఒకే సమయంలో ఎక్కుతూ దిగుతూ ఉండడం శాస్త్రసమ్మతం కాదు. పైది యంత్రం తడబాటు. మనం సానుకూలమైనదాన్ని స్వీకరించాలి." ఆయన కృపానిధి వైపు తిరిగాడు. "నీలాన్ని డిశ్చార్జి చేసెయ్యండి. సాయంత్రానికల్లా మంచం ఖాళీ కావాలి."

"నీలం పేరున రెండు మంచాలున్నాయి సార్."

"మరీ మంచిది. రెండూ ఖాళీ అవుతాయి."

వార్డులోకి రాగానే పుణ్యవతి చాప చుట్టేసింది. నూకరత్నం ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"అక్కా, ఆ దిగింది మీవోడిదని చెప్పక్కా ఆయనకి. ఎక్కేది మాదని చెప్పు. నీ మాట వింటారు."

"నా మాటెవరింటారే? చెప్పాననుకో, నీలం ఎవరిదో తేలేదాకా ఇద్దరూ కదలడానికి లేదంటారు. మళ్ళీ సంఘం, మళ్ళీ మైకు. నారు ముదిరిపోతందే తల్లీ. ఈ పంట పోతే ఏడాదంతా ఏం తినాలి?"

"పంట మళ్ళీ వస్తదక్కా."

పుణ్యవతి చూపు పక్కకి తిప్పుకుంది. తిప్పుకున్న చూపు పదకొండో మంచం మీద పడింది. పిల్ల ఒంటికాలు మడుచుకుని పడుకుని ఉంది. పొద్దుట్నుంచీ ఒంటికి పోలేదు. తేజ మంచం దిగి వెళ్ళి "ఆడుకుందాం రా" అని కుందన జడ లాగాడు. కుందన కళ్ళు తెరవలేదు. వాడు జడ వదిలేసి వాళ్ళమ్మ దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆ పిల్ల పలకట్లేదే," అన్నాడు.

నూకరత్నం అది విని ఇంకేం ఆలోచించలేదు. తుమ్ముకి భయపడ్డ మనిషి, కాలవగట్టుకి భయపడ్డ మనిషి, ఇప్పుడు ఏ భయమూ లేనట్టు పిల్లని రెండు చేతుల మీదా ఎత్తుకుంది. నేరుగా వరండాలోకి నడిచింది. సూపరింటెండెంటు ఇంకా టీవీ ముందే ఉన్నాడు. పైకి పంపబోయే బొమ్మకి ఏ రంగు అంచు వేస్తే బాగుంటుందో చెబుతున్నాడు. ఆవిడ వెళ్ళి ఆయనకీ టీవీకీ మధ్యన నిలబడింది.

"ఏయ్ అమ్మా! తెరకి అడ్డం వచ్చావు!"

"వచ్చానండి. పిల్లని చూడండి."

"చూస్తున్నదీ నీ పిల్లనేనమ్మా! నువ్వు పిల్లని అడ్డం తీస్తే కనపడుతుంది!"

"తియ్యనండి."

"ఇది క్రమశిక్షణా రాహిత్యం," అన్నాడు కృపానిధి. "రోగి స్వయంగా తన చిత్రాన్ని మరుగుపరచడం ఏ నిబంధనలోనూ లేదు."

ఈలోపు పక్కనుంచి ఇంకో అడ్డం వచ్చింది. పుణ్యవతి తేజని చంకనేసుకుని వచ్చి నిలబడింది.

"ఇదుగోనండి మీ నీలం! ఈడు దిగినోడు. అది ఎక్కింది. కళ్ళెట్టి చూసుకోండి. నాట్లు పోతే పోనీ, నేను ఇక్కణ్ణించి కదిలితే ఒట్టు!"

"తప్పుకోండి! తప్పుకోండమ్మా ఇద్దరూ!" అని సదానందమూర్తి చెయ్యి చాచి, అడ్డమున్న పిల్లని పక్కకి నెట్టబోయాడు.

ఆయన అరచెయ్యి కుందన మెడ మీద పడింది.

పడి, అక్కడే ఉండిపోయింది.

ఉత్తర్వులన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. చేతిదాకా అవి చేరలేదు. ఆ చెయ్యి పాతికేళ్ళుగా పసిపిల్లల మెడలు పట్టి చూసిన చెయ్యి. అది ఆయన్ని అడక్కుండానే మెడ మీంచి నుదుటి మీదికి వెళ్ళింది. బొటనవేలితో కింది కనురెప్ప లాగి చూసింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. చర్మం మడత వెంటనే సర్దుకోలేదు.

"ఎప్పట్నించి నీళ్ళు నిలవట్లేదు?"

ఆ గొంతు వేరే గొంతు. సంఘంలో మాట్లాడే గొంతు కాదు.

"వచ్చిన కాణ్ణుంచీ అంతేనండి."

"వచ్చిన దగ్గర్నుంచా! ఎవరూ చూడలేదా?"

డ్యూటీ డాక్టరు టీవీ వైపు చూశాడు.

"ఎస్తేరూ! సెలైను తీసుకురా! పరిగెత్తు!"

ఎస్తేరు అప్పటికే తెచ్చి వెనక నిలబడి ఉంది. టీవీ బల్ల మీదే పిల్లని పడుకోబెట్టి సూది పెట్టారు. బాటిలు తగిలించడానికి ఏదీ దొరక్కపోతే టీవీ స్టాండుకే తగిలించారు. తెర మీద ఇరవై గీతలూ మినుకుమినుకుమంటూ ఉన్నాయి.

"సార్, ఈ చికిత్స ఏ చిత్రం ఆధారంగా..." అని కృపానిధి మొదలుపెట్టాడు.

సదానందమూర్తికి వినపడలేదు. ఆయన పిల్లని చూస్తున్నాడు.

మర్నాటికి కుందన ఒంటికి పోయింది. ఆ సాయంత్రం "అమ్మా, ఇడ్లీ" అంది. నూకరత్నం ఇడ్లీ తెచ్చిపెట్టి, ఇంత తొందరగా తగ్గిందేంటి, జ్వరం లోపలికి పోయి కూర్చుందేమో అని మళ్ళీ మొదలుపెట్టింది. పిల్ల కోలుకున్నాక తల్లి కూడా తన మామూలు స్థితికి వచ్చేసింది. పుణ్యవతి తేజని తీసుకుని నాట్లకి వెళ్ళిపోయింది. పోతూ పోతూ కుందనకి తన చాప ఇచ్చిపోయింది.

ఆసుపత్రి కూడా తన మామూలు స్థితికి వచ్చింది. జరిగిన దానిపై విచారణ జరిగింది. సూపరింటెండెంటు సంజాయిషీ ఇలా రాసుకున్నాడు: 'తెరకు కలిగిన ఆటంకమును తొలగించు ప్రయత్నములో నా హస్తము రోగికి తగులుట జరిగినది. అది ఉద్దేశపూర్వకము కాదు. పునరావృతము కానివ్వను.' సంఘం ఆయన్ని క్షమించింది. ఇకముందు ఏ వైద్యుడికీ ఇలాంటి ప్రలోభం కలగకుండా టీవీ చుట్టూ ఇనపకమ్మీలతో కంచె కట్టించాలని తీర్మానించింది. కంచెకి బోర్డు కూడా పెట్టారు: 'తెరకును వైద్యునికిని నడుమ శిశువులు ప్రవేశించరాదు.' కింద సదానందమూర్తి సంతకం. సంతకం పెట్టిన చేతిని ఆయన ఆ తరవాత ఎక్కువగా కోటు జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.

కుందనని ఇంటికి తీసుకుపోయే రోజున నూకరత్నం అద్దాల గది మీదుగా వెళ్తోంది. లోపల ఎవరో చిన్నవయసు తల్లి చంకలో వేలాడిపోతున్న పిల్లాణ్ణి పట్టుకుని, తెరమీది తెల్లటి ఖాళీ పెట్టె చూసి ఏడుస్తోంది. నూకరత్నం గుమ్మం దాటబోయి ఆగింది. లోపలికి వెళ్ళి ఆ అమ్మాయిని భుజం పట్టుకుని పక్కకి తీసుకొచ్చింది.

"ఏడవకు. ఏడుపు వాళ్ళకి వినపడదు. నే చెప్పేది విను. పొద్దున్నే వరండాలోకి వస్తారు. అక్కడో కంచె ఉంటది, చూసి భయపడకు, అది నడుం దాకే ఉంది. పిల్లాణ్ణి ఎత్తి కంచె మీంచి లోపలికి పట్టుకో. తప్పుకోమంటారు. తప్పుకోకు. దణ్ణం పెట్టకు, చేతులు ఖాళీ ఉండవు. తెల్లకోటాయన నెట్టడానికి చెయ్యి చాపుతాడు. అప్పుడు ఆ చేతికి పిల్లాడి మెడ తగిలేలా పెట్టు. అంతే. మిగతాది ఆ చెయ్యి చూసుకుంటది."